అద్భుతం మేడమ్!

(కవిత్వం మీద పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కవులవే. కవులు ప్రశ్న అడిగినా పొడుగ్గానే అడుగుతారు. కత్తిరించాను, కోపం తెచ్చుకోకండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. పిల్లలు స్థిరపడ్డాక మళ్లీ కవితలు రాయడం మొదలుపెట్టాను. ఒక వాట్సాప్ కవుల బృందంలో చేరాను, రెండు వందల పైచిలుకు మందిమి. ఏం పెట్టినా పది నిమిషాల్లో "అద్భుతం మేడమ్", "మీ కలానికి వందనం" అంటారు, వరసగా దండం బొమ్మలు పెడతారు. మొదట్లో బాగుండేది. ఇప్పుడు అసలు చదువుతున్నారా అని అనుమానం. మొన్న ఒకాయన కవిత కింద "రెండో భాగం కొంచెం సాగింది సార్" అని రాశాను. ఆయన బృందంలోంచి వెళ్లిపోయారు. అడ్మిన్ ఫోన్ చేసి "మనం ఉన్నది ఒకరినొకరు ప్రోత్సహించుకోవడానికమ్మా" అన్నారు. నేను చేసింది తప్పా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు నా పరువు తీసే కథ ఒకటి వినండి.

రెండేళ్ల కిందట నేనూ అలాంటి బృందంలోనే ఉండేదాన్ని. నా ఫోన్‌లో కవితలకూ ఇంటి సామాన్ల లిస్టుకూ ఒకటే పేజీ. ఒక సాయంత్రం మా అమ్మ మీద రాసుకున్న కవితను అందులోంచి కాపీ చేసి బృందంలో పెట్టాను. దాని కింద ఉన్న లిస్టు కూడా తోక పట్టుకుని వెళ్లింది. "నీ పాత చీర ఇంకా తలుపు వెనక వేలాడుతోంది" అని కవిత ముగిసిన చోట "కందిపప్పు రెండు కిలోలు, ఇంగువ డబ్బా చిన్నది, పసుపు, చీపురు ఒకటి" అని మొదలైంది. నేను చూసుకునేసరికి గంట దాటింది. అప్పటికే పందొమ్మిది మంది మెచ్చుకున్నారు. ఒకాయన "ముగింపు గుండెను పిండేసింది మేడమ్" అన్నారు. ఇంకొకరికి చీపురు గొప్ప ప్రతీకగా కనిపించింది. (నిజం చెప్పొద్దూ, తర్వాత చదువుకుంటే ఆ చిన్న ఇంగువ డబ్బా నాకూ నచ్చింది. అది వేరే సంగతి.)

ఒకావిడ మాత్రం విడిగా మెసేజ్ పెట్టింది. "అక్కా, కింద సామాన్ల లిస్టు వచ్చినట్టుంది, చూసుకోండి. చీర తలుపు వెనక ఉన్న దగ్గర ఆగిపోయిన. మా ఇంట్ల గూడ మా అమ్మది అట్లనే ఉండె" అని. రెండు వందల మందిలో నన్ను చదివింది ఆవిడ ఒక్కతే.

మిగతా పందొమ్మిది మందీ చెడ్డవాళ్లేం కారు. పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసినట్టు వేశారు. వెనక వరసలో నిలబడి అక్షింతలు విసిరేవాళ్లు పెళ్లికూతురి మొహం చూశారా లేదా అని ఎవరూ అడగరు. మీ బృందంలో జరుగుతున్నదీ అదే. అక్షింతలు వద్దని నేను అనను. రాయడానికి భయపడే మనిషికి మొదటి నెలలో అవి కావాలి. మూడో నెలకి మొహం చూసేవాళ్లు కావాలి.

అయితే అమ్మా, మీ మాటలో కూడా నాకు ఒక వెలితి కనబడింది. "కొంచెం సాగింది" అన్నారు. ఎక్కడ? ఏ మాట దగ్గర మీ కన్ను జారిపోయింది? అది చెప్పకపోతే "సాగింది" కూడా "అద్భుతం" లాంటిదే, రుచి ఒక్కటే వేరు. పైగా రెండు వందల మంది ఎదుట అన్నారు. ఆయన స్థానంలో నేనుంటే వెళ్లిపోయేదాన్ని కాదు గానీ, ఆ రాత్రి అన్నం సరిగా తినేదాన్ని కాదు.

నాకు ఇది నేర్పింది ఒక ఇన్‌ల్యాండ్ లెటర్. 1981లో నేను కామారెడ్డి దగ్గర బడిలో కొత్త తెలుగు పండితురాలిని. నాతో పాటు శిక్షణ తీసుకున్న స్నేహితురాలికి ఆదిలాబాద్ వైపు ఉద్యోగం వచ్చింది. నెలకో కవిత రాసి పంపుకునేవాళ్లం. ఊరి బావి మీద ఇరవై రెండు పాదాలు రాశాను. అందులో కన్నీరు ఉంది, కాలం ఉంది, చరిత్ర కూడా ఉంది. ఆమె దాన్ని తిరిగి పంపింది. "చేంతాడు ఒరిసి ఒరిసి / రాతికి గాడి పడింది" అన్న రెండు పాదాల కింద పెన్సిల్ గీత. పక్కన "ఇది నువ్వు చూసినవు. తక్కినది ఎక్కడనో చదివినవు" అని రాసింది. అంతే, క్షేమ సమాచారం కూడా లేదు. నెల రోజులు ఆమెకు ఉత్తరం రాయలేదు. ఆ తర్వాత పద్దెనిమిది పాదాలు కొట్టేశాను. మిగిలిన నాలుగూ అచ్చయ్యాయి. ఆ పెన్సిల్ గీత కన్నా గొప్ప ప్రోత్సాహం నాకు తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

కవులు గుంపు కట్టడం వాట్సాప్‌తో మొదలు కాలేదు. తెనాలిలో సాహితీ సమితి నడిపిన తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి గారిని తోటి కవులు "అన్నగారు" అని పిలుచుకునేవారు. మీకూ ఒక అన్నగారో అక్కగారో కావాలి. రెండు వందల మంది అక్కర్లేదు, ముగ్గురు చాలు. బృందంలోనే వెతకండి. ఎవరి వ్యాఖ్యలో మీ కవితలోని మాట ఒకటైనా కనబడుతుందో వాళ్లకు విడిగా రాయండి. "ఇందులో మీరు ఎక్కడ ఆగారు, ఎక్కడ దాటేశారు?" అని ఆ రెండే అడగండి. మీరూ వాళ్లకు అదే చేసిపెట్టండి. బృందంలో మాత్రం అక్షింతలు వేస్తూనే ఉండండి, అడ్మిన్ గారి బీపీ కూడా ముఖ్యమే.

ఆ వెళ్లిపోయిన ఆయనకు ఫోన్ చేయండి. ఆయన కవితలో మీకు నచ్చిన పాదం ఒకటి ఉండే ఉంటుంది. ముందు అది చెప్పండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న. పసుపు రైతుల మీద ఒక కవిత రాసి సభలో చదివిన. ఒక పెద్ద కవి మైకులోనే "ఇది కవిత్వం కాదు బాబూ, వార్త" అన్నరు. అందరూ నవ్విన్రు. అప్పటి సంది రాస్తలేను.
— ఒక విద్యార్థి, బోధన్

జవాబు: "ఏ పాదం వార్త సార్?" అని ఆయన్నే అడుగు. చూపిస్తే కాళ్లకు దండం పెట్టు, ఆయన గురువు. చూపించలేకపోతే అది మైకు చేతిలో ఉన్నవాళ్లు అనే మాట, పట్టించుకోకు.

మన దగ్గర "కవిత్వం లేదు" అనడం కొత్త కాదు బిడ్డా. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట ఒకప్పుడు వినబడింది. గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి దానికి వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊళ్ల నుంచి పద్యాలు తెప్పించి 1934లో "గోలకొండ కవుల సంచిక" అచ్చేశారు. అందులో 354 మంది ఉన్నారు. అన్నీ గొప్ప పద్యాలేనా అంటే కాదు, నేను చదివాను. కానీ ఏ మారుమూల ఊళ్లోనో ఒంటరిగా పద్యం రాసుకుంటున్న మనిషికి, తన పేరు పక్కన ఇంకా 353 పేర్లు ఉన్నాయని ఆ పుస్తకం చూపించింది.

మీ నిజామాబాద్‌లోనే ఖిల్లా ఉంది. బడి పిల్లల్ని ఏటా తీసుకెళ్లేదాన్ని. నిజాంను ఎదిరించినందుకు దాశరథిని అక్కడి జైల్లో పెట్టారు. కాగితం, కలం లేవు. బొగ్గుతో గోడ మీద రాశాడు. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నాడు. పుస్తకాలు అచ్చేసి ఊరూరా మోసుకెళ్లి అమ్మిన మనిషి ఆయన. బయటికొచ్చాక దాశరథి తన "అగ్నిధార"ను అంకితం ఇచ్చింది ఆ ఆళ్వారుస్వామికే. ఏ కవి పుస్తకం తీసినా అంకితం పేజీ వదిలేయకు. ఆ కవిని ఎవరు చదివారో చాలాసార్లు అక్కడే తెలుస్తుంది.

ఇక నీ కవిత. పంపావు కాబట్టి చెప్తున్నాను. మొదటి పన్నెండు పాదాలు వార్తే, ఆయన అన్నది అబద్ధం కాదు. మార్కెట్ యార్డులో మీ నాయన పసుపు కొమ్ము విరిచి, ఆ చేత్తోనే బీడీ ముట్టించుకున్నాడని రాశావే, అక్కడ కవిత మొదలైంది. అక్కడి నుంచి మళ్లీ రాసి నాకు పంపు.

ప్రశ్న: సమస్యాపూరణం నేర్చుకుంటున్నాను. కందం రాసి పెడితే మా పెద్దాయన ఒకరు "మూడో పాదం 'వసంత'తో ఎత్తుకున్నావు, బేసి చోట జగణం కుదరదు, 'కుసుమిత' పెట్టుకో" అని రాసి ఊరుకున్నారు. భావం బాగుందని ఒక్క మాట లేదు. నిరుత్సాహంగా ఉంది.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీకు నిరుత్సాహం, నాకు అసూయ. ఆయన చేసిన పని చూడండి. "వసంత" జగణం (లఘువు, గురువు, లఘువు), మూడో పాదం మొదట్లో పనికిరాదు. దాన్ని తీసేస్తే సరిపోదు, మీ ప్రాసాక్షరం (ప్రతి పాదంలో రెండో అక్షరం) "స" నిలవాలి. పాదం లఘువుతోనే మొదలవ్వాలి, ఎందుకంటే మిగతా మూడు పాదాలూ మీరు లఘువుతోనే ఎత్తుకున్నారు. అర్థం కూడా పూలకాలం వదిలి దూరం పోకూడదు. "కుసుమిత" నాలుగు లఘువులు, నలం. రెండో అక్షరం "సు". అన్నీ కుదిరాయి. ఇంత చేయాలంటే మీ పద్యాన్ని నాలుగైదుసార్లు పైకి చదువుకుని ఉండాలి. భావం బాగోలేకపోతే అంత శ్రమ ఎందుకు పడతారు?

జగణం మీద కోపం పెంచుకోకండి. దాన్ని బేసి చోట రానివ్వని కందమే, రెండేసి పాదాలు కలిపి లెక్కపెడితే వచ్చే ఆరో గణం దగ్గర జగణమో నలమో ఉండి తీరాలంటుంది. తెనాలి రామకృష్ణుడి పేరుతో ఊరూరా చెప్పుకునే సమస్య ఉంది కదా, "కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్". అందులో "బుదోమ" దగ్గర ఆగి చూడండి. ఏనుగుల మందను మింగిన ఆ దోమ జగణంలోనే కూర్చుని ఉంది.

ఈ దోమ సంగతి మీ పెద్దాయనకి చెప్పండి, సంతోషిస్తారు.

ప్రశ్న: 600 రూపాయలు కడితే సంకలనంలో మా కవిత వేసి, సభలో శాలువా, జ్ఞాపిక, బిరుదు ఇస్తామంటున్నారు. ఇది ప్రోత్సాహమేనా?
— ఒక కవి, గుంటూరు

జవాబు: శాలువాకి 600 ఎక్కువేమీ కాదు. అచ్చయిన పుస్తకాలు ఎన్ని ఇస్తారో మాత్రం ముందే అడగండి. బిరుదు పేరుకి ముందు పెట్టుకోకండి.

ప్రశ్న: నేనూ, నా స్నేహితుడూ ఇరవై ఏళ్లుగా కలిసి రాస్తున్నాం. మొదట ఒకరిది ఒకరం చదివాకే ఎక్కడికైనా పంపేవాళ్లం. ఈ ఏడు అతనికి మంచి అవార్డు వచ్చింది. అందరూ అభినందిస్తున్నారు. నాకు మాత్రం వేలు కదలడం లేదు. నేను చెడ్డవాడినా?
— పేరు వద్దు, బెంగళూరు

జవాబు: చెడ్డవారు అడగరు. నాకూ జరిగింది. పెన్సిల్ గీత గీసిన ఆ స్నేహితురాలికే నాకంటే ముందు పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ సభకు "జ్వరం" అని వెళ్లలేదు. అప్పుడు నాకు ఏ జ్వరమూ లేదు. ఆ పుస్తకంలో నేను సూచించిన మాటలు పదో పదిహేనో ఉన్నాయని ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నన్ను కొరికింది అదే.

ఇలాంటప్పుడు నేను గుర్తు చేసుకునేది చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారిని. అవధానాలతో ఆంధ్రదేశమంతా తిరిగిన పండితుడు, ఎంతోమందికి గురువు. అంతటివాడు అంటరానివాడని అవమానాలు పడ్డ జాషువా పాదానికి తన చేతులతో గండపెండేరం (గొప్ప కవి కాలికి గౌరవంగా వేసే కడియం) తొడిగాడు. తొడగాలంటే వంగాలి కదా. ఆ రోజుల్లో, ఆ వయసులో, ఆ కులంలో పుట్టి వంగాడు.

ఇంకొకటి. శ్రీశ్రీ "మహాప్రస్థానం" పుస్తకంగా వచ్చింది 1950లో. దాన్ని అంకితం ఇచ్చింది కొంపెల్ల జనార్దనరావుకి. ఆ స్నేహితుడు 1937లోనే పోయాడు. ఎవరికి చూపించాలని ఉందో ఆ మనిషి లేకుండానే పుస్తకం వచ్చింది. మీ స్నేహితుడు ఉన్నాడు, ఫోన్ నంబరు కూడా మీ దగ్గరుంది.

అందరూ పెట్టే మెసేజ్ మీరు పెట్టకండి, మీకది రాదు. అవార్డు వచ్చిన పుస్తకం తీయండి. మీరు చెబితే అతను మార్చిన పాదం ఒకటి వెతకండి. మీరు వద్దన్నా అతను ఉంచేసిన పాదం ఒకటి వెతకండి. రెండోది ఇప్పుడు బాగుందనిపిస్తే ఫోన్ చేసి ఆ ముక్క చెప్పండి. అప్పటికీ బాగోలేదనిపిస్తే అదే చెప్పండి, ఈ వారమంతా అతనితో అలా మాట్లాడినవాళ్లు ఒక్కరూ ఉండరు. ఏదీ నోట రాకపోతే శాలువా ఏ రంగుదని అడగండి. అక్కడి నుంచి మాట అదే నడుస్తుంది.