భోగి నాటి ఉదయపు ఫలహారం గురించి అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీవూ, అల్లుడుగారూ, పిల్లలిద్దరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. భోగి నాడు తెల్లవారుజామున మీ అపార్ట్‌మెంటు వాళ్ళందరూ కలిసి కింద మంట వేసుకుంటారనీ, పైకి వచ్చి తలంట్లు పోసుకున్నాక పిల్లలను పక్కన పెట్టుకొని పండుగకు తగ్గ ఫలహారం చేయాలని ఉందనీ, అయితే అదంతా గంటలో అయిపోవాలనీ మొన్న ఫోనులో అన్నావు. అప్పుడు నేను సగం జవాబే చెప్పాను. ఫోనులో చెప్పిన కొలతలు గుర్తుండవు కనుక మిగతాది కాగితం మీద పెడుతున్నాను.

పిల్లలను వంటింట్లోకి రానిస్తే ఆలస్యమవుతుందని చాలామంది అంటారు. రాత్రికే ముగించుకోవలసిన పనులను పొద్దుటికి మిగుల్చుకోవడం వల్లనే ఆలస్యమవుతుందని ఇన్నేళ్ళలో నాకు తెలిసివచ్చింది. అందుచేత బరువైన పనులన్నీ ముందు రోజు రాత్రే దింపుకొని, ఉదయానికి పిల్లల చేతికి అందే పనులను మాత్రమే ఉంచుకో. ఆ పనుల్లో కూడా ఒక్కొక్కరికి ఒకటి పూర్తిగా అప్పగించు. ఇది కాస్త కలుపు, అది కాస్త పట్టుకో అని పది పనుల్లో వేలు పెట్టించడం కంటే, మొదటి నుంచి చివరి దాకా తనదే అని చెప్పుకోగలిగిన పని ఒక్కటి ఉంటే పిల్లలు నిలకడగా చేస్తారు.

నేను ఈ విషయం ఆలస్యంగా నేర్చుకున్నాను. మా పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఒక భోగికి గారెలూ, బొబ్బట్లూ రెండూ ఆ ఉదయమే పెట్టుకొని, అడ్డు వస్తున్నారని పిల్లలను వసారాలోకి పంపించి తలుపు దగ్గరకు వేశాను. పప్పు రుబ్బుకొని, పూర్ణం ఉడికించుకొని, ఆకులో పెట్టేసరికి పదిన్నర దాటింది. నాలుగున్నరకు లేచి మంట దగ్గర గంతులు వేసి వచ్చిన పిల్లలు అప్పటికి ఆకలితో, తడి తలలతోనే చాప మీద నిద్రపోయారు. లేపి పెడితే ఒక్కొక్కరు సగం బొబ్బట్టు తిని మళ్ళీ పడుకున్నారు. ఆ సంవత్సరం నుంచి భోగి ఉదయం మా ఇంట్లో బొబ్బట్లు లేవు. వాటిని సంక్రాంతి మధ్యాహ్నానికి మార్చుకున్నాము.

కాబట్టి నా మాట విని పెసరట్టు, ఉప్మా, చక్కెర పొంగలి, ఈ మూడింటితో ఆగు. ఇడ్లీ సులువే కదా అని నీకు అనిపించవచ్చు కానీ, జనవరి చలిలో రాత్రి రుబ్బిన పిండి తెల్లవారేసరికి పొంగుతుందన్న నమ్మకం లేదు. పెసరట్టుకు పిండి పులియవలసిన పని లేదు, పెసలు నానితే చాలు. గారెలంటే మూకుడు నిండా కాగిన నూనె. పిల్లలు చుట్టూ తిరుగుతున్న వంటింట్లో అది వద్దు. ఇక పొంగలి కుక్కరులో తన మానాన తాను ఉడుకుతుంది కాబట్టి ఆ సమయంలో మిగతా పనులు చేసుకోవచ్చు.

ముందు రోజు రాత్రి చేయవలసినవి చెబుతాను. నలుగురికి ఒకటిన్నర గ్లాసు పెసలు, అంటే సుమారు 300 గ్రాములు, వాటిలోకి గుప్పెడు బియ్యం సరిపోతాయి. బియ్యం వేస్తే అట్టు అంచులు కరకరలాడుతాయి. పెసలను పళ్ళెంలో పోసి చిన్నదాని ముందు పెట్టు. ప్యాకెట్టులో వచ్చినవైనా ఒక రాయో, నానకుండా గట్టిగా ఉండిపోయే గింజో దొరకకపోదు, అయిదేళ్ళ పిల్ల కళ్ళు వాటిని మనకంటే త్వరగా పట్టుకుంటాయి. ఏరిన తర్వాత తానే రెండుసార్లు కడిగి, గాజు గిన్నెలో పోసి, పెసలు ఎక్కడిదాకా ఉన్నాయో బయటి నుంచి వేలితో చూపించమను. అక్కడ కుంకుమతో చిన్న బొట్టు పెట్టించు. తొమ్మిది గంటలకు నీళ్ళు పోస్తే పొద్దున అయిదున్నరకు ఆ బొట్టు దాటి, దాదాపు రెట్టింపు ఎత్తుకు పెసలు లేచి ఉంటాయి. మా మనుమరాలు నిద్రకళ్ళతో వచ్చి ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకొని, బొట్టునూ పెసలనూ మార్చి మార్చి చూసి, ఎవరో వచ్చి ఇంకొన్ని పోశారని చాలాసేపు వాదించింది. ఆ ఉదయం ఆమెను రెండోసారి లేపవలసిన అవసరం కలగలేదు.

అదే రాత్రి ఒక గ్లాసు బొంబాయి రవ్వను చెంచాడు నేతిలో దోరగా వేయించి డబ్బాలో పోసి ఉంచు. పావు గ్లాసు పెసరపప్పును కూడా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పక్కన పెట్టు. బెల్లం తరిగిపెట్టుకో. జీడిపప్పు బద్దలు విడదీయడం, ఏలకులు ఒలవడం పెద్దవాడి పని. అల్లం పచ్చడి జోలికి నీవు వెళ్ళవద్దు, నేను చేసి పంపుతున్నాను. ఇక్కడి మిరపకాయలతో చేసినది కనుక పిల్లలకు పెట్టేటప్పుడు మాత్రం నెయ్యి బాగా కలుపు.

పొద్దున పిల్లలు లేవగానే తలా ఒక గ్లాసు గోరువెచ్చని పాలూ, ఒక అరటిపండూ ఇచ్చి కిందికి తీసుకువెళ్ళు. పండుగ పేరు చెప్పి పసిపిల్లలను మూడు గంటలు పస్తు పెట్టడం నాకు ఇష్టం లేదు. దేవుడికి నైవేద్యం కావలసింది పొంగలి. ఆ ఒక్కటి ఎంగిలి పడకుండా చూసుకుంటే చాలు. స్టవ్వు మీద ఏమీ పెట్టకుండా కిందికి వెళ్ళు. ఎవరూ లేని ఇంట్లో కుక్కరు ఉండకూడదు.

తలంట్లు అయ్యాక మొదట కుక్కరు ఎక్కించు. అర గ్లాసు బియ్యానికి, వేయించిన పెసరపప్పు పావు గ్లాసుకు కలిపి మూడు గ్లాసుల నీళ్ళు పోయాలి. ఇప్పుడు వచ్చేది కొత్త బియ్యం కనుక పావు గ్లాసు తగ్గించినా ఫరవాలేదు, పాత బియ్యమంత నీరు పీల్చదు. పొంగలికి మాత్రం ఈ కొత్త బియ్యమే బాగుంటుంది, మెతుకు మెతుకుకు అతుక్కొని జారుగా వస్తుంది. మనం ఏడాది పొడుగునా తినే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, మన బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచి 1986లో వచ్చిన రకం. ఆ మాట పెద్దవాడికి చెప్పు, బియ్యం కడుగుతూ వింటాడు.

నాలుగు కూతలు వచ్చి, ఆవిరి తనంతట తాను పోయిన తర్వాతనే మూత తీసి, గరిటెతో మెదిపి, మెతుకు వేళ్ళ మధ్య పూర్తిగా నలుగుతున్నదో లేదో చూడు. ఇది తప్పనిసరిగా చూడాలి. ఒకసారి బెల్లం తగిలిందంటే ఆ తర్వాత ఎంతసేపు ఉడికించినా మెతుకు ఇక మెత్తబడదు. ముప్పావు గ్లాసు బెల్లాన్ని పావు గ్లాసు నీళ్ళలో కరిగించి, వడకట్టి పోసి, సన్నని సెగ మీద అయిదు నిమిషాలు ఉంచు. పాలు పోయాలనిపిస్తే బెల్లం వేసిన తర్వాత మరిగించవద్దు, విరిగిపోతాయి. అందుకే నేను పాలు పోయను, ఆ బదులు ఇంకొక చెంచా నెయ్యి వేస్తాను.

కిస్మిస్ వేయించేటప్పుడు చిన్నదాన్ని రెండు అడుగుల దూరంలో కుర్చీ మీద కూర్చోబెట్టి కాపలా పెట్టు. ముందు జీడిపప్పు వేసి రంగు తిరిగాక కిస్మిస్ వేస్తే, ముడతలు పడి ఉన్న పండు నేతిలో ఒక్కసారిగా గోళీలా గుండ్రంగా ఉబ్బుతుంది, మరుక్షణం వదిలేస్తే నల్లబడి చేదెక్కుతుంది. ఆమె ఉబ్బాయని అరవగానే నీవు స్టవ్వు కట్టేయాలి, అంతకుముందూ కట్టకూడదు, ఆ తర్వాతా ఆగకూడదు. తన మాట మీద పని జరుగుతున్నదని తెలిసిన పిల్ల కళ్ళు ఆర్పకుండా చూస్తుంది. ఏలకుల పొడి, బియ్యపు గింజలో సగమంత పచ్చకర్పూరం వేసి కలిపి, చిన్న గిన్నెలోకి నైవేద్యం తీసి, మిగతాది మూతపెట్టు.

కుక్కరు కూస్తున్నప్పుడే పెసలు రుబ్బుకో. పొట్టు తీయవద్దు. అంగుళం అల్లం, రెండు పచ్చిమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, ఉప్పు వేసి, నీళ్ళు పొదుపుగా పోస్తూ, మరీ నున్నగా కాకుండా పట్టు. అల్లం చెక్కు తీయడానికి పెద్దవాడికి కత్తి ఇవ్వకు, చెంచా అంచుతో గీకితే పల్చగా ఊడి వస్తుంది. మిక్సీ మీట వాడు నొక్కవచ్చు కానీ మూత మీది చేయి నీదే అయి ఉండాలి. పిండి తీసేటప్పుడు ప్లగ్గు పీకిన తర్వాతనే గిన్నె విప్పాలి. ఉప్మా సంగతి నీకు కొత్తగా చెప్పవలసింది లేదు. రవ్వ వేయించే ఉంది కనుక, గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి పోస్తే అట్టులో మడవడానికి తగినంత జారుగా వస్తుంది. ఆ పని నీవే చేసుకో, ఉడికే రవ్వ చిమ్ముతుంది.

ఇక అట్లు. మొదటి అట్టు నీవు వెయ్యి. పెనం ఇంకా పదునుకు రాకముందు వేసేది కనుక అది తరచుగా అంటుకుంటుంది. ఆ అట్టు పిల్లవాడి చేతిలో చిరిగితే ఇక రెండోది వేయనంటాడు. రెండో అట్టు నుంచి గరిటె వాడికి ఇవ్వు. సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది పెనం మీద రుద్ది, చుక్క నీళ్ళు చిలకరించి చూడమను. నీళ్ళు అక్కడికక్కడే ఆవిరైపోతే పెనం సిద్ధం. పూసల్లా పరుగులు తీస్తే వేడి ఎక్కువైనట్టు, అప్పుడు పోసిన పిండి గరిటెకే చుట్టుకొని వచ్చేస్తుంది. సెగ తగ్గించి, పిండి మధ్యలో పోసి, నీ చేయి వాడి మణికట్టు కింద ఉంచి, గరిటె అడుగుతో నడుమ నుంచి బయటికి సున్నాలు చుట్టించు. నొక్కకుండా తేల్చి తిప్పమని చెప్పు. వాడి అట్టు గుండ్రంగా రాకపోతే నీవు గరిటె తీసుకొని సరిచేయకు. నేను ఇంత కాగితం నింపుతున్నది ముఖ్యంగా ఈ ఒక్క మాట కోసమే. మనం సరిచేసిన అట్టు మన అట్టే అవుతుంది, అది పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. ఒక మూల మందంగా ఉంటే ఆ మూలన ఇంకొక చుక్క నూనె వేసి, నిమిషం ఎక్కువ కాల్చితే సరిపోతుంది. ఆ అట్టును ముందు అల్లుడుగారి ఆకులో వెయ్యి.

ఉల్లిపాయ ముక్కలు పైన చల్లుకోవడానికే, పిండిలో కలపవద్దు. నైవేద్యం అయ్యేదాకా ఉల్లిని పక్కన ఉంచాలనుకుంటే ఇది వీలుగా కూడా ఉంటుంది. పల్చగా వేసిన పెసరట్టును తిరగవేయనవసరం లేదు. అంచులు లేవగానే మధ్యలో ఉప్మా పెట్టి మడిచేయవచ్చు.

కొత్త బట్టల విషయంలో గట్టిగా ఉండు. ఫలహారం అయ్యేదాకా పిల్లలు నూలు బట్టల్లోనే ఉండాలి. జారే పట్టు పరికిణీ, విరబోసిన జుట్టు స్టవ్వు దగ్గరకు రాకూడదు. పెనం కాడ ఎప్పుడూ గోడ వైపుకు తిరిగి ఉండాలి. చిన్నది కూర్చున్న కుర్చీని గట్టుకు ఆనించవద్దు.

అరిటాకులు పటమట రైతుబజారులో ముందు రోజే తెప్పించుకో. వాటిని కడిగి, తుడిచి, కొస తినేవారి ఎడమచేతి వైపు వచ్చేలా పరవడం చిన్నదానికి అప్పగించు. వడ్డించేటప్పుడు ముందు పొంగలి, తర్వాత పచ్చడి, ఆ పైన వేడి వేడి అట్టు.

ఇంకొక సంగతి. అట్లు వేసే మనిషి అందరికీ వేసి, చివరకు మిగిలిన పిండితో వేసుకొని ఒంటరిగా తినడం మన ఇళ్ళలో అలవాటయిపోయింది. నేను చాలా ఏళ్ళు అలాగే తిన్నాను, అది మంచి అలవాటు కాదని ఇప్పుడు చెబుతున్నాను. పిల్లలకు రెండేసి అట్లు పడగానే గరిటె అల్లుడుగారి చేతికి ఇచ్చి, నీవు వాళ్ళ పక్కన ఆకు వేసుకొని కూర్చో. మిగిలిన నాలుగు అట్లూ ఆయన వేయగలరు. రాకపోతే పెద్దవాడు నేర్పుతాడు.

ఎల్లుండి మీ పెదనాన్నగారు రైల్లో వస్తున్నారు. ఆయన చేతికి అల్లం పచ్చడి సీసా, భోగిపళ్ళకు రేగిపళ్ళు, మా ఇనుప పెనం ఇచ్చి పంపుతున్నాను. ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు నీవు పీట మీద కూర్చొని అట్టు వేయడం నేర్చుకున్నది దాని మీదనే. సబ్బుతో తోమవద్దు; వేడి నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె రాసి ఉంచు. దానితోపాటు చిన్నదాని చేతికి సరిపోయే పొట్టి కాడ గరిటె కూడా ఒకటి పెట్టాను. ఈ ఏడాది అది పచ్చడి వడ్డించడానికి పనికివస్తుంది. రెండేళ్ళు పోయాక పిండికి వాడుకోవచ్చు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ