18 లక్షల స్పోర్ట్స్ కారు, 42 వేల జీతం

ప్రశ్న: తిరుపతిలో నాకు హార్డ్‌వేర్ షాపు ఉంది. అబ్బాయికి 23 ఏళ్లు. శ్రీసిటీలో ఉద్యోగం, చేతికి నెలకు 42 వేలు వస్తుంది. లైసెన్సు తీసుకుని ఏడాదిన్నర అయింది. బెంగళూరులో ఒక డీలర్ దగ్గర 2011 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4 35ఐ చూసి వచ్చాడు. ధర 18 లక్షలు. ఇప్పటికే ముగ్గురు ఓనర్లు మారారు. తన దగ్గర 4 లక్షలున్నాయి. నన్ను 6 లక్షల ఎఫ్‌డీ తీయమంటున్నాడు. అది పాప ఇంజినీరింగ్ కోసం వేసింది, తను ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. మిగతా 8 లక్షలకు వాళ్ల అమ్మ నగలు కుదువ పెడదామంటాడు. ‘కొత్తప్పుడు దీని ధర ఎంతో తెలుసా నాన్నా? పడాల్సిందంతా పడిపోయింది, ఇక పెరగడమే. పెట్టుబడి అనుకో’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: కొనొద్దు. ఎఫ్‌డీ ఎందుకు వేశారో మీరే రాశారు, దాన్ని కదపకండి. నగల గురించి వాళ్ల అమ్మ ఏమన్నారో మాత్రం రాయలేదు. నాకైతే మొదట ఆ మాటే వినాలనిపించింది.

మీ అబ్బాయి చెప్పిందాంట్లో సగం నిజం. ధర బాగా పడింది. ఎందుకు పడిందో చూడండి. ఇలాంటి కారు కొత్తగా కొనే మనిషికి సాధారణంగా నలభై దాటి ఉంటాయి, ఇంట్లో ఇంకో రెండు కార్లుంటాయి. ఇది ఆదివారం బండి. సర్వీసు కంపెనీలోనే చేయిస్తాడు. రెండో ఓనరు కొంచెం చెయ్యి బిగిస్తాడు. మూడో మనిషికి చేరేసరికి ‘వచ్చే నెల చూద్దాంలే’ అని వాయిదా వేసిన పనులన్నీ కారులో పేరుకుని ఉంటాయి. ఆ బిల్లు కట్టడం ఇష్టం లేకే చాలామంది అమ్మేస్తారు. అప్పుడు ధర ఇంకా దిగి, డబ్బూ డ్రైవింగ్ అనుభవమూ రెండూ తక్కువున్న కుర్రాళ్లకు అందుబాటులోకి వస్తుంది. కారు ధర పావు వంతుకు పడినా దాని విడిభాగాల ధర పడదు. ఇంజిన్ శక్తి అంతకన్నా పడదు.

పాత స్పోర్ట్స్ కార్ల ధర అసలు పెరగదా అంటే, కొన్నిటికి పెరుగుతుంది. తొంభైల నాటి టయోటా సుప్రా, ఆ తర్వాతి హోండా ఎస్2000 లాంటివి అమెరికాలో అలా పెరిగాయి. మాన్యువల్ గేర్లు, ఏ మార్పూ చేయని బండి, వాటికోసం వెతికే మనుషులు, ఇవన్నీ కలిస్తేనే అది జరుగుతుంది. మన దగ్గర ఆటోమేటిక్ జెడ్4కు అంత గిరాకీ లేదు. రెండే సీట్లున్న కారును నాలుగో ఓనరు దగ్గర కొనే ఐదో మనిషి తిరుపతిలో దొరకడం కష్టం. దీన్ని సరదా ఖర్చు అనండి, ఒప్పుకుంటాను. పెట్టుబడి మాత్రం కాదు.

ఇప్పుడు లెక్క. ఇంత పాత కారు మీద చాలా బ్యాంకులు లోను ఇవ్వవు. అందుకే మాట నగల మీదికి వచ్చింది. 8 లక్షలకు 11 శాతం చొప్పున వడ్డీ ఒక్కటే నెలకు 7,300. అసలుతో కలిపి మూడేళ్లలో తీర్చాలంటే నెలకు 26 వేలు దాటుతుంది. చేతిలో మిగిలేది 16 వేలు. అందులోనే తిండి, పెట్రోలు, కారు. అసలు తీర్చకుండా వడ్డీ కడుతూ పోతే నగలు బ్యాంకులోనే ఉండిపోతాయి.

2011 కారుకు 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2026తో ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి మొదటి రెన్యువల్ ఫీజు మామూలు కారుకు 5 వేలు, దిగుమతి కారుకు 40 వేలు. ఈ జెడ్4 జర్మనీలో తయారై వచ్చింది, కాబట్టి ఆర్సీలో ఎలా నమోదైందో చూసుకోవాలి. ఇక రిపేర్లు. ఆ కాలం 35ఐ ఇంజిన్‌లో పెట్రోలు అందించే హై ప్రెజర్ ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు ఇబ్బంది పెడతాయని ఆ కార్లు నడిపేవాళ్లందరికీ తెలుసు. మడత పడే పైకప్పుకు హైడ్రాలిక్ మోటార్లున్నాయి, అదో ఖర్చు. ఇలాంటి కారు తెలిసిన మెకానిక్ కోసం చెన్నైకో బెంగళూరుకో ఫ్లాట్‌బెడ్ లారీ మీద తీసుకెళ్లాల్సి వస్తే, ఆ కిరాయి కూడా మీ ఖర్చులో రాసుకోండి.

డబ్బు సలహాలిచ్చేవాడికి డ్రైవింగ్ గొడవ ఎందుకు అనుకోకండి. ఒక ఇంటి లెక్కలన్నీ తలకిందులు కావడానికి ఒక్క ప్రమాదం చాలు. 35ఐ శక్తి 306 హార్స్‌పవర్. మీ అబ్బాయి నేర్చుకున్న చిన్న కారుకు దాదాపు మూడున్నర రెట్లు. పైగా ఇందులో శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది. తడి రోడ్డు మీద, మలుపులో, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా, భయపడి ఒక్కసారిగా వదిలేసినా వెనక భాగం పక్కకు జారే ప్రమాదం ఉంది. శక్తి ముందు చక్రాలకు వెళ్లే కార్లకు అలవాటు పడ్డవాళ్లకు ఆ క్షణంలో ఏం చేయాలో తోచదు. 1975లో వచ్చిన పోర్షే 911 టర్బోకు ఇంగ్లీషు వాళ్లు విడోమేకర్ (భార్యల్ని వితంతువుల్ని చేసేది) అని పేరు పెట్టింది ఇందుకే. దాని టర్బో, అంటే ఇంజిన్‌కు అదనపు శక్తినిచ్చే భాగం, ఆలస్యంగా, సరిగ్గా మలుపు మధ్యలో అందుకునేది. జెడ్4లో జారుడును అదుపు చేసే ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి. అయితే దాన్ని ఆపే బటన్ కూడా ఉంది, కుర్రాళ్ల వేళ్లు ముందు అక్కడికే పోతాయి.

టైర్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగిన కారు టైర్లు చూడ్డానికి కొత్తవాటిలా ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిపడి పట్టు పోయి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 1417 అంటే 2017లో 14వ వారం తయారైందని. ఆరేళ్లు దాటితే, గాట్లు ఎంత లోతున్నా, మార్చాల్సిందే. ఈ సైజులో నాలుగు రన్‌ఫ్లాట్ టైర్లంటే (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) లక్షకు అటూఇటూ.

ఇన్సూరెన్స్‌లో మీరు ఒక సంగతి గమనించాలి. 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి కట్టే ప్రీమియం 7,897, పైన జీఎస్టీ. అది పెద్ద విషయం కాదు. కారు ఎవరి పేరు మీద ఉంటుందన్నది పెద్ద విషయం. మీ పేరు మీద కొంటే, అబ్బాయి ఎవరినైనా గుద్దినప్పుడు నష్టపరిహారం కేసులో ఓనరుగా మీరు కూడా ఉంటారు. పాలసీ లేకపోయినా, షరతులు తప్పినా అది మీ షాపు దాకా వస్తుంది. ఇంకోటి, 15 లక్షల తప్పనిసరి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనరుకే. కారు మీ పేరున ఉండి అబ్బాయి నడిపితే అతనికి అది వర్తించదు. సొంత కారు నష్టానికి ఓన్ డ్యామేజ్ పాలసీ తీసుకున్నా, భాగాలు పాతబడ్డాయని బిల్లులో కోత పెట్టని జీరో డిప్రిసియేషన్ ఇంత పాత కారుకు సాధారణంగా ఇవ్వరు. అప్పుడు ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు బిల్లులో సగం కోసేస్తారు, పదేళ్లు దాటిన కారుకు ఇనుప భాగాలకూ అంతే. ఒక్క బంపరు పగిలితే సగం మీ జేబులోంచే.

అబ్బాయి మీద కోపం తెచ్చుకోవద్దు. 23 ఏళ్లకు 4 లక్షలు దాచిన కుర్రాడు దుబారా మనిషి కాదు. ఆ డబ్బుకు కొంచెం కలిపితే మంచి స్థితిలో ఉన్న పోలో జీటీ టీఎస్ఐ దొరకవచ్చు. పోలో 2022లో ఆగిపోయినా మెకానిక్‌లకు బాగా తెలిసిన కారు, నడపడానికి మంచి హుషారుగా ఉంటుంది. తన డబ్బులో ఒక 50 వేలు విడిగా పెట్టి శ్రీపెరుంబుదూర్ దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో శిక్షణ తీసుకోమనండి. తిరుపతి నుంచి పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. వేగం సరదా తీరాల్సింది అక్కడ, పుత్తూరు రోడ్డు మీద లారీల మధ్య కాదు. రెండు మూడేళ్లు నడిపాక, జీతం పెరిగాక, అప్పు లేకుండా కొంటానంటే నేనే సరేనంటాను. అప్పుడు కూడా కారు ధరలో పావు వంతు రిపేర్ల కోసం వేరే ఖాతాలో ఉండాలి, కారు తన పేరు మీదే ఉండాలి, సొంతంగా యాక్సిడెంట్ పాలసీ, టర్మ్ పాలసీ తీసుకోవాలి.

పోలో అయినా ఇంకేదైనా, కర్ణాటక బండి అయితే పెండింగ్ చలాన్లు, పాత లోను తాలూకు హైపోథికేషన్ (ఆర్సీ మీద బ్యాంకు తాకట్టు) తీరాయో లేదో ఆన్‌లైన్‌లో చూశాకే డబ్బు ఇవ్వండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని ఇక్కడి రిజిస్ట్రేషన్‌కు మార్చుకోవాలి. 12 నెలలకు మించి బయటి నంబరుతో ఉంచకూడదు. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, కాబట్టి బేరం ఆడేటప్పుడే ఆ మొత్తం కలుపుకోండి. పాలసీని 14 రోజుల్లో కొత్త ఓనరు పేరుకు మార్పించండి. క్లెయిమ్ చేయనందుకు పాత ఓనరుకు వచ్చే ప్రీమియం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మీకు రాదు, డీలర్ వస్తుందని చెప్పినా నమ్మకండి.