నోటీసు చిన్నాన్న బీరువాలో ఉంది: ముప్ఫై రోజుల గడువు ఎప్పటి నుంచి?

ప్రశ్న: మాది దేవనహళ్లి తాలూకాలో పల్లెటూరు. నేను ఇరవై ఏళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాను. ఊళ్లో 3 ఎకరాల 10 గుంటల పొలం ఉంది. నాన్న బోరు వేయించి ద్రాక్షతోట పెట్టారు. ఆరేళ్ల కిందట పోయాక ఆయన సమాధి కూడా అక్కడే కట్టాం. అమ్మ ఊళ్లోనే ఉంటుంది, సాగు నేను చేయిస్తున్నాను. చెల్లెలు హోసూరులో ఉంటుంది. ఇప్పుడు అక్కడ డేటా సెంటర్ వస్తుందంటున్నారు. కేఐఏడీబీ (కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి బోర్డు) కోసం భూసేకరణకు 28(1) నోటిఫికేషన్ వేశారు. నాన్న పేరు మీద వచ్చిన నోటీసును వేరే ఇంట్లో ఉండే చిన్నాన్న సంతకం పెట్టి తీసుకుని బీరువాలో దాచారు. నలభై ఐదు రోజులయ్యాక, పోయిన ఆదివారం నాకు చెప్పారు. విచారణ తేదీ ఇంకా రాలేదు. 80 శాతం రైతులు ఒప్పుకోకుండా భూమి తీసుకోకూడదట కదా? చనిపోయినవాళ్ల పేరు మీద నోటీసు చెల్లదని ఒకరు, కోర్టులో స్టే తెచ్చుకోమని ఇంకొకరు చెబుతున్నారు. ఆఫీసులో తెలిసినవాళ్లున్నారు, వెనక తేదీ వేయించి అభ్యంతరం పెట్టిస్తానని మరొకరు అంటున్నారు. మాకు న్యాయం జరుగుతుందా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ కేసు తోట మీదా సమాధి మీదా ఆధారపడి లేదు. నోటీసు ఎవరికి, ఏ తేదీన అందింది అన్నదాని మీద ఉంది.

మీ భూమిని తీసుకుంటున్నది కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి చట్టం, 1966 కింద. 28(1) ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే. 28(2) ప్రకారం భూమి యజమానికి, యజమాని కాక వేరొకరు అనుభవంలో ఉంటే వారికి, హక్కు ఉన్న ఇతరులకూ నోటీసు ఇవ్వాలి. అది అందిన 30 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవాలి. 28(3) కింద విచారణ జరిపి ఉత్తర్వు ఇస్తారు. ఆ తర్వాత 28(4) తుది ప్రకటన గెజెట్‌లో వచ్చిందంటే, 28(5) ప్రకారం భూమి ప్రభుత్వపరం అయినట్టే. మీరు ఇంకా 28(3) గుమ్మం దగ్గరే ఉన్నారు కాబట్టి పని ఉంది.

80 శాతం సమ్మతి అన్నది 2013 కేంద్ర భూసేకరణ చట్టంలోని మాట, అది కూడా ప్రైవేటు కంపెనీల కోసం సేకరించినప్పుడు. 1966 చట్టంలో ఆ షరతు లేదు. ఐదేళ్లు గడిస్తే సేకరణ రద్దయిపోతుందన్న ఆశ కూడా పెట్టుకోకండి. 2013 చట్టంలోని సెక్షన్ 24 కేఐఏడీబీ సేకరణలకు వర్తించదని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మీ తాలూకాలోనే చన్నరాయపట్న హోబళిలో (కొన్ని గ్రామాల రెవెన్యూ విభాగం) 13 గ్రామాల 1,777 ఎకరాలను 2025 జూలై 15న వదిలేశారు కదా అంటారేమో. అది రైతుల పోరాటానికి తలొగ్గి ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం, కోర్టు తీర్పు కాదు. రేపు దాన్ని హక్కుగా చూపించలేరు.

చనిపోయిన మనిషి పేరు మీద నోటీసు అన్న వాదన రెండువైపులా కోస్తుంది. వారసత్వంగా హక్కు వచ్చినవారు మూడు నెలల్లో రెవెన్యూవారికి తెలియజేయాలని కర్ణాటక భూరెవెన్యూ చట్టం సెక్షన్ 128 చెబుతోంది. ఆరేళ్లయినా మీరు పౌతి ఖాతా (చనిపోయినవారి పేరు నుంచి వారసుల పేరుకు రికార్డు మార్పు) చేయించుకోలేదు. పహణిలో (పొలం హక్కు, సాగు రికార్డులో) ఎవరి పేరుంటే వారికి పంపాం, ఊళ్లో ఎవరు బతికున్నారో మేమెందుకు వెతకాలి అని బోర్డు వకీలు అడుగుతారు. మీ నిర్లక్ష్యమే వారికి జవాబైంది.

కాబట్టి ఆ ఒక్క కొమ్మకే వేలాడకండి. నాన్న పోయిన రోజే హక్కు మీకు, అమ్మకు, చెల్లెలికి వచ్చింది, పహణి కేవలం రికార్డు. పైగా మీరు అనుభవంలో ఉన్నారు, అది చట్టం విడిగా గుర్తించిన హోదా. దాన్ని కాగితాలతో చూపాలి. పహణి 12వ కాలమ్‌లో సాగుదారు పేరు, మోటారు ఆర్‌ఆర్ నంబరు (కరెంటు కనెక్షన్ నంబరు) మీద వచ్చిన బెస్కాం (బెంగళూరు విద్యుత్ సంస్థ) బిల్లులు తీయండి. బిల్లు నాన్న పేరు మీదే ఉన్నా, డబ్బు మీ ఖాతా నుంచి కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటే చాలు. ద్రాక్ష అమ్మిన రశీదులు, అమ్మ డెయిరీకి పాలు పోస్తే ఆ పాస్‌బుక్కు కూడా జతచేయండి. చిన్నాన్న వేరే ఇంట్లో ఉంటారని చూపడానికి రెండు ఇళ్ల రేషన్ కార్డులు పనికొస్తాయి. నోటీసు మీ కుటుంబంలో ఎవరికీ అందలేదు, తెలిసిన తేదీ ఫలానా ఆదివారం, అప్పటి నుంచి 30 రోజుల్లో పెట్టుకుంటున్నాం అని అభ్యంతరంలో మొదటి పేరాలోనే రాయండి. చిన్నాన్నతో అఫిడవిట్ చేయించండి. ఆయన మీద కోపంతో ఇప్పుడు గొడవ పడితే సాక్షి పోతాడు. ఇదంతా పెట్టినా అధికారి ఒప్పుకుంటారని హామీ లేదు. గడువు ఆలస్యం మీద వాదించడానికి మాత్రం చోటు మిగులుతుంది.

ఇక వెనక తేదీ ముద్ర సంగతి. దాని జోలికి పోకండి. ఇన్‌వర్డ్ రిజిస్టరులో వరుస నంబర్లుంటాయి. నలభై రోజుల కిందటి తేదీ పక్కన ఇవాళ్టి నంబరు పడితే చిన్న గుమాస్తా కూడా పట్టేస్తాడు. అప్పుడు మీకున్న నిజమైన కారణం కూడా అబద్ధమైపోతుంది, పైన ఫోర్జరీ కేసు. చెల్లెలి పేరు లేకుండా వంశవృక్షం తెచ్చుకోవడం, హడావిడిగా పాత తేదీతో భాగపత్రం రాయించడం కూడా ఈ కోవలోవే. నాడకచేరిలో (హోబళి స్థాయి రెవెన్యూ ఆఫీసు) వంశవృక్షానికి, పౌతికి ఇప్పుడే అర్జీ పెట్టి, ఆ రశీదు జతచేయండి. ముగ్గురూ సంతకాలు పెట్టండి.

సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేయమన్నవారి మాట వినకండి. భూసేకరణను సివిల్ దావాలో ప్రశ్నించకూడదని 2013లో బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ) కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ దావా తేలేలోపు 28(4) వచ్చేస్తుంది. అభ్యంతరం వినకుండా తోసేస్తే దారి హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యను నేరుగా ప్రశ్నించే పిటిషన్). దానికి రోజుల లెక్కలో గడువు లేకపోయినా, ఆలస్యమే రిట్‌ను చంపుతుంది.

అభ్యంతరంలో ఏం రాయాలి? ఊరంతా కలిసి ఒకే జెరాక్సు మీద సంతకాలు పెట్టి ఇస్తే, ఒక్క వాక్యంతో కొట్టేస్తారు. మీ సర్వే నంబరు, హిస్సా (దానిలోని ఉపభాగం), విస్తీర్ణం, బోరు లోతు, తోట వయసు రాయండి. పొలం పక్కన చెరువు కాలువో రాజకాలువో (పెద్ద వాననీటి కాలువ) ఉంటే స్కెచ్ పెట్టండి. ఇదివరకే అభివృద్ధి చేసిన పారిశ్రామిక ప్రాంతాల్లో ఖాళీ ప్లాట్లుంటే వాటి వివరం ఆర్టీఐ కింద అడగండి. అర్జీకి పది రూపాయలు, జవాబుకి 30 రోజులు. గ్రామసభ తీర్మానం జతచేయండి, అది వీటో మాత్రం కాదు. ఆఫీసులో స్వయంగా ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి, మరో ప్రతి స్పీడ్ పోస్టులో పంపండి.

చాలామంది తప్పటడుగు వేసే చోటు ఇంకొకటుంది. నోటిఫికేషన్‌లో 'పారిశ్రామిక అభివృద్ధి' అని తప్ప డేటా సెంటర్ అన్న మాట ఉండకపోవచ్చు. మీరు పది పేజీలు యంత్రాలను చల్లార్చే నీళ్ల గురించి, జనరేటర్ల పొగ గురించి రాస్తే, 'అది ఈ నోటిఫికేషన్ విషయం కాదు' అంటారు. ముందు కర్ణాటక ఉద్యోగ మిత్ర (పెట్టుబడి ప్రాజెక్టుల అనుమతులు చూసే ప్రభుత్వ సంస్థ) నుంచి ఆ ప్రాజెక్టుకు అనుమతిచ్చిన కమిటీ మినిట్స్, రోజుకు ఎంత నీరు, ఎక్కడి నుంచి, ఎంత కరెంటు అడిగారో ఆర్టీఐలో తీయండి. ఆ కాగితం చేతిలో ఉంటేనే నీటి వాదనకు కాళ్లొస్తాయి.

పర్యావరణ పోరు వేరే దారి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నాటి కేంద్ర పర్యావరణ నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి, కానీ 1,50,000 లోపు భవనాలకు ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. అనుమతి వెలువడితే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో 30 రోజుల్లో అప్పీలు వేయాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు, అంతే.

ఈలోగా ధర మాట్లాడుకుందాం రమ్మని ఎవరైనా పిలిస్తే ఏ కాగితం మీదా సంతకం చేయకండి. 1966 చట్టం 29(2) కింద ఒప్పందం మీద పరిహారం తీసుకుంటే, తర్వాత ఎక్కువ ఇమ్మని కోర్టుకు వెళ్లే దారి మూసుకుంటుంది. అమ్మ ఊళ్లో ఒక్కరే ఉంటారు కాబట్టి ఈ సంగతి ఆమెకు ఇవాళే ఫోన్‌లో చెప్పండి.