సిగ్నల్స్ అంటే ఇష్టపడే అమ్మాయికి 45 వేల కోర్సు అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. తోటివాళ్లంతా కోడింగ్ అంటుంటే తనకేమో యాంటెన్నాలు, సిగ్నల్స్ అంటేనే ఇష్టం. 'ఆర్‌ఎఫ్ ప్లానింగ్' కోర్సు మూడు నెలలు, 45 వేలు, ఉద్యోగం గ్యారంటీ అని ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు చెబుతున్నారు. టవర్లు ఎక్కాల్సి వస్తుందేమోనని వాళ్లమ్మకు టెన్షన్. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: ముందు వాళ్లమ్మగారి భయం తీర్చేద్దాం. టవర్ ఎక్కేది రిగ్గర్లు, అంటే యాంటెన్నాలు బిగించే పనివాళ్లు. ప్లానింగ్ ఇంజినీరు పని ఎక్కువగా కంప్యూటర్ ముందే ఉంటుంది, అప్పుడప్పుడు సైట్ చూడటానికి మాత్రం వెళ్లాలి. అయితే ఇలాంటి కోర్సులు చేసినవాళ్లకు మొదట దొరికేది చాలాసార్లు డ్రైవ్ టెస్ట్ పని. అంటే కారులో ల్యాప్‌టాప్, ఫోన్లు పెట్టుకుని ఊరంతా తిరుగుతూ సిగ్నల్ కొలవడం. అది చిన్న పనేమీ కాదు. కానీ 'గ్యారంటీ' అన్నది దాని గురించేనా అని సెంటర్ వాళ్లను సూటిగా అడగండి. నన్నడిగితే, ఇప్పుడే డబ్బు కట్టొద్దు.

ఇంతకీ ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) ప్లానింగ్ అంటే ఏమిటి? మీ ఇంట్లోనే చూడండి. డాబా మీద ఫోన్ బ్రహ్మాండంగా పలుకుతుంది, వంటింట్లోకి రాగానే కట్. టవర్ పెట్టకముందే, ఏ వీధిలో ఎంత సిగ్నల్ ఉంటుందో, ఏ గదిలోకి ఎంత చేరుతుందో లెక్కగట్టి చెప్పడమే ఈ పని. దీపం కింద చీకటి అన్నట్టు, టవర్ పాదం దగ్గర సిగ్నల్ తగ్గిపోవడమూ ఉంది. యాంటెన్నా తన శక్తిని ఎక్కువగా దూరం వైపు పంపుతుంది, కిందికి పంపేది తక్కువ.

ఆరుబయట లెక్కకు పాత పునాది జపాన్‌లో పడింది. ఒకుమురా అనే ఇంజినీరు బృందం టోక్యో పరిసరాల్లో కొలిచిన సిగ్నల్ వివరాలను 1968లో ప్రచురించింది. 1980లో హటా అనే మరో ఇంజినీరు వాటిని సూత్రాలుగా మార్చాడు. మీ అమ్మాయి సిలబస్‌లో ఇవి ఉండే ఉంటాయి. కానీ హటా సూత్రం 150 నుంచి 1500 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దాకా, 1 నుంచి 20 కిలోమీటర్ల దూరానికే. మన 5జీలో ఒక ముఖ్యమైన బ్యాండ్ 3300 మెగాహెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. ఆ సూత్రాన్ని అక్కడ కళ్లు మూసుకుని వాడితే సిగ్నల్ మ్యాప్ రంగురంగులుగా బాగానే వస్తుంది, లోపల లెక్కే తప్పు. ఇంటర్వ్యూల్లో నేనైతే సూత్రం అప్పజెప్పమనను. అది ఎక్కడ పనికిరాదో చెప్పమంటాను.

ఇంకో చిన్న లెక్క. అడ్డేమీ లేని చోట, అదే దూరం, అదే రకం యాంటెన్నాలతో 700కు బదులు 3500 మెగాహెర్ట్జ్ వాడితే దారిలో సిగ్నల్ నష్టం 14 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే అందే శక్తి 25వ వంతుకు పడిపోతుంది. గోడలు ఇంకా లెక్కలోకే రాలేదు!

ఇంటి లోపల లెక్క ఇంకా చిక్కు. ఇటుక గోడ ఒక రకంగా మింగుతుంది, ఇనుప కడ్డీలున్న కాంక్రీటు ఇంకో రకంగా. ఎండ వేడి రాకుండా లోహపు పూత వేసిన అద్దాలైతే కాంతిని రానిస్తాయి, సిగ్నల్‌ను చాలావరకు ఆపేస్తాయి. హైదరాబాద్ హైటెక్ సిటీ లాంటి చోట్ల అద్దాల భవనాల్లో ప్రత్యేకంగా లోపలే యాంటెన్నాలు పెట్టేది అందుకే. ఆసుపత్రులు, మాల్స్, గోదాములు, మెట్రో స్టేషన్లు అన్నిటికీ ఈ డిజైన్ కావాలి. నా అంచనాలో మొబైల్ కంపెనీల బయటి ప్లానింగ్ కంటే ఈ పని చేసేవాళ్లకే రాబోయే రోజుల్లో గిరాకీ.

మీరు రైలు ప్రయాణం చేస్తుంటారు కదా, 'కవచ్' పేరు వినే ఉంటారు. రైళ్లు ఢీకొనకుండా కాపాడే ఆ వ్యవస్థ తొలి ప్రయోగాలు దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. అందులో ఇంజిను, స్టేషను రేడియోతోనే మాట్లాడుకుంటాయి. కాబట్టి మలుపుల్లో, కొండ తొలిచిన కోతల్లో సిగ్నల్ తెగకూడదు. ఫోన్ కాల్ కట్టయితే మళ్లీ చేసుకుంటాం, ఇక్కడ ఆ సౌకర్యం లేదు. దీని పరికరాలు తయారుచేసే కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఉద్యోగాలు వెతికేటప్పుడు పిల్లలు ఈ వైపు ఎందుకు చూడరో నాకు అర్థం కాదు.

ఇక అమ్మాయి ఈ సెలవుల్లో చేయాల్సింది ఒకటుంది. ఇంటి ప్లాన్ గ్రాఫ్ కాగితం మీద గీసి, రౌటర్ ఎక్కడుందో గుర్తు పెట్టాలి. ఏ గదిలో ఎన్ని డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) రావాలో ముందే లెక్కవేసి రాసుకోవాలి. ఆ తర్వాతే ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్‌తో కొలవాలి, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకసారి, 5లో ఒకసారి. వేసిన లెక్క, కొలిచిన విలువ రెండూ కలవవు. ఎందుకు కలవలేదో రెండు పేజీలు రాయమనండి. బీరువా అడ్డమా, నీళ్ల ట్యాంకా, లేక గోడకు వేసిన విలువే తప్పా? రెజ్యూమెలో ఆ రెండు పేజీలకు నా దగ్గర సర్టిఫికెట్ కంటే విలువెక్కువ.

కోడింగ్‌ను మాత్రం వదలొద్దు, పైథాన్ రావాలి. సియోనా అనే ఉచిత పైథాన్ లైబ్రరీతో రేడియో కిరణాలు గోడలకు తగిలి ఎలా తిరిగొస్తాయో తనే లెక్కించి చూడొచ్చు. నేల ఎత్తుపల్లాల డేటా నాసా ఉచితంగా ఇస్తుంది, మ్యాపుల మీద పని చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే. మీ నల్లమల వైపు ఒక ఊహా టవర్ పెట్టి, కొండ వెనకున్న ఏ ఊరికి సిగ్నల్ అందదో చెప్పగలిగితే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దాదాపు సిద్ధమైనట్టే.

ఇవన్నీ చేశాక కూడా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు కోర్సు సంగతి మాట్లాడుకుందాం. అదీ కంపెనీలు వాడే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ మీద లైసెన్సుతో సొంతంగా పని చేయనిచ్చే చోటైతేనే.