సి లో ఒక క్యారెక్టర్ అరేలోని స్ట్రింగ్‌ని ఇంకో అరేలోకి ఎలా కాపీ చేయాలి?

మీరు అడిగినవి రెండు. ఎ, బి అనే రెండు అరేలు (అక్షరాలు వరసగా దాచే చోట్లు) పెట్టి బి = ఎ అంటే కంపైలర్ ఎందుకు ఒప్పుకోవట్లేదు, స్ట్ర్‌కాపీ (స్ట్రింగ్ కాపీ చేసే ఫంక్షన్) పెడితే హైదరాబాద్ బాగానే వచ్చి విశాఖపట్నం దగ్గర ప్రోగ్రాం ఎందుకు పడిపోతోంది.

మొదటిది చిన్న విషయం. సి లో అరేకి అసైన్‌మెంట్ లేదు. డిక్లేర్ చేసే లైన్లో కొటేషన్ల మధ్య స్ట్రింగ్ ఇవ్వొచ్చు, ఆ తర్వాత బైటు బైటుగా కాపీ చేసుకోవాల్సిందే.

స్ట్ర్‌కాపీ సోర్సులో, అంటే కాపీ తీసే స్ట్రింగ్‌లో, ముగింపు గుర్తైన సున్నా బైటు తగిలేదాకా రాస్తూ పోతుంది. అవతలి అరే ఎంతుందో దానికి తెలియదు. మీ అరే సైజు 10. ఇంగ్లీషు స్పెల్లింగులో హైదరాబాద్ 9 అక్షరాలు, చివరి సున్నాతో 10, అంచుకి సరిపోయింది. విశాఖపట్నం 13, సున్నాతో 14. ఆ 4 బైట్లు పక్క మెమరీ మీద పడ్డాయి. అక్కడేముందో దాన్నిబట్టి ఒకసారి నడుస్తుంది, ఒకసారి నడవదు.

దీనికి చాలామంది స్ట్ర్‌ఎన్‌కాపీ వాడమంటారు, అది మీరిచ్చిన ఎన్ బైట్లు దాటి రాయదు. నేనైతే వద్దంటాను. సోర్సు పొడవు మీరిచ్చిన ఎన్‌తో సమానమైనా, దాటినా అది చివర సున్నా పెట్టదు. ప్రింట్ చేస్తే పేరు వెనకాలే చెత్త వస్తుంది. పొడవు తక్కువైతే మిగతాదంతా సున్నాలతో నింపుతుంది: 1024 బైట్ల బఫర్లోకి 5 అక్షరాలు కాపీ చేస్తే 1019 సున్నాలు. పాత యూనిక్స్‌లో 14 బైట్ల ఫైలు పేర్లలాంటి స్థిర వెడల్పు ఫీల్డులకి పనికొచ్చే సరుకు అది.

ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ వాడండి. దానికి వరసగా ఇవ్వాల్సినవి టార్గెట్ అరే, దాని సైజు, పర్సెంట్ ఎస్ (ఇక్కడ స్ట్రింగ్ పెట్టు అనే గుర్తు) ఫార్మాట్, సోర్సు. సైజు సున్నా కాకుంటే చివర సున్నా బైటు తప్పకుండా పెడుతుంది. రిటర్న్ విలువ మీ సైజుకి సమానమైనా, మించినా స్ట్రింగ్ తెగిందని అర్థం, ఆ చెక్ వదిలేయొద్దు. పర్సెంట్ ఎస్ మానేసి సోర్సునే ఫార్మాట్‌గా ఇస్తే, యూజర్ టైప్ చేసిన పర్సెంట్ గుర్తులు మీ ప్రోగ్రాంని ఆడిస్తాయి.

సైజు ఎన్ని బైట్లో చెప్పే సైజ్‌ఆఫ్‌ని అరే డిక్లేర్ చేసిన చోటే వాడాలి. ఫంక్షన్‌కి పంపాక అరే ఉత్త పాయింటర్ (మెమరీ చిరునామా), సైజ్‌ఆఫ్ 64 బిట్ మెషీన్లో 8 చూపిస్తుంది. కాబట్టి సైజుని వేరే ఆర్గ్యుమెంటుగా పంపండి.

తెలుగు పేర్లు ఉంటే లెక్క మళ్ళీ మారుతుంది. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి ఇంకో 3. రాము అంటే 12, సున్నాతో 13. అదే 10 సైజు అరేలో ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో వేస్తే 9 బైట్లే పట్టి 'రామ' అని వస్తుంది. ఎర్రరూ ఉండదు, చెత్తా కనబడదు, మనిషి పేరే మారిపోతుంది. సైజు 12 పెడితే చివర 2 సగం బైట్లు మిగిలి ప్రశ్నార్థకం డబ్బా కనిపిస్తుంది.

ఒకే అరేలో స్ట్రింగ్‌ని ముందుకో వెనక్కో జరపాలంటే ఇవేవీ కాదు, మెమరీలో బైట్లని జరిపే మెమ్‌మూవ్ వాడాలి. పొడవుకి 1 కలిపి ఇవ్వండి, లేకపోతే చివరి సున్నా వెనకే ఉండిపోతుంది.