కంప్యూటర్ నుంచి యాంప్లిఫయర్‌కి ఆరు ఛానళ్లూ చేరాలంటే

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

సినిమా పెడితే అయిదు స్పీకర్లూ మోగుతున్నాయని, అయినా వెనక వినిపించాల్సింది వెనక వినిపించడం లేదని రాశావు. మోగడం వేరు, సరౌండ్ (ఒక్కో స్పీకర్‌కీ దాని శబ్దం, అంటే దాని ఛానల్, విడిగా రావడం) వేరు నాయనా. లోపలికి రెండు ఛానళ్లే వస్తున్నా యాంప్లిఫయర్ వాటినే అన్ని స్పీకర్లకీ పంచి వాయించేస్తుంది. అందుకని చెవిని నమ్ముకోకుండా ముందు దాని డిస్‌ప్లే చూడు. రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కితే లోపలికి ఎన్ని ఛానళ్లు వస్తున్నాయో చాలా వాటిలో కనిపిస్తుంది. అక్కడ 2.0 అని ఉంటే, సినిమాలో ఉన్న ఆరు ఛానళ్లూ (అయిదు స్పీకర్లకి అయిదు, బేస్ వాయించే సబ్ ఊఫర్‌కి ఒకటి, అదే 5.1) దారిలో ఎక్కడో రెండైపోయాయన్నమాట. ఆ చోటు పట్టుకోవడమే నీ పని. కొత్త స్పీకర్లు కొనే ఆలోచన మాత్రం ఇప్పుడే పెట్టుకోకు.

నువ్వు ఆప్టికల్ కేబుల్ పెట్టానన్నావు. డిజిటల్ కాబట్టి 5.1 వస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటే. ఆ దారిలో పట్టేది రెండు ఛానళ్ల పీసీఎమ్, అంటే కుదించని శబ్దం. ఆరు ఛానళ్లు వెళ్లాలంటే వాటిని డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి, మూటకట్టి పంపాలి. డీవీడీలో శబ్దం ముందే అలా మూటకట్టి ఉంటుంది కాబట్టి, ప్లేయర్ ఆ మూట విప్పకుండా పంపితే యాంప్లిఫయర్ విప్పుకుని ఆరూ వాయిస్తుంది. కానీ గేముల్లో శబ్దం అప్పటికప్పుడు తయారవుతుంది, మూటకట్టేవాళ్లెవరూ ఉండరు. అందుకే గేము ఆప్టికల్లో స్టీరియోగానే వస్తుంది. ఫైల్లో ఆడియో ఏఏసీ (శబ్దాన్ని కుదించే ఇంకో పద్ధతి) 5.1 అయినా అంతే: ప్లేయర్ దాన్ని విప్పుతుంది, ఆరు ఛానళ్ల పీసీఎమ్‌కి ఆ దారిలో చోటు లేదు, రెండుగా కలిపి పంపుతుంది. డాల్బీ డిజిటల్ లైవ్ లేదా డీటీఎస్ కనెక్ట్ ఉన్న సౌండ్ కార్డయితే ఏ శబ్దాన్నైనా అక్కడికక్కడే మూటకడుతుంది. కొంచెం ఆలస్యం తప్పదు, అయినా ఆప్టికల్లో గేములకు ఉన్న దారి అదే. నీ కార్డు డ్రైవర్లో ఆ పేర్లు ఉన్నాయేమో చూసుకో. కోయాక్సియల్ డిజిటల్ పిన్ కథ కూడా ఇదే, కేబుల్ రూపం మాత్రమే వేరు.

యాంప్లిఫయర్‌కి హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్ ఉంటే ఇంకేమీ ఆలోచించకు, అదే పెట్టు. అందులో ఎనిమిది ఛానళ్ల పీసీఎమ్, 24 బిట్లలో 192 కిలోహెర్ట్జ్ దాకా, కుదించకుండా వెళ్తుంది. గేమైనా, ఏఏసీ అయినా కంప్యూటరే విప్పి ఆరూ విడివిడిగా పంపుతుంది. కేబుల్ మాత్రం గ్రాఫిక్స్ కార్డు వెనకున్న సాకెట్ నుంచి రావాలి. శబ్దం పుట్టేది కూడా ఆ కార్డులోనే కాబట్టి, సౌండ్ జాబితాలో మదర్‌బోర్డు పేరు కాకుండా గ్రాఫిక్స్ కార్డు పేరుతోనో యాంప్లిఫయర్ పేరుతోనో ఉన్నది ఎంచుకోవాలి. కార్డుకి డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే మిగిలి ఉంటే దాన్ని హెచ్‌డీఎమ్‌ఐకి మార్చే కేబుల్ సరిపోతుంది. అది ఒకవైపే పనిచేస్తుంది, కొనేటప్పుడు ఎటునుంచి ఎటో చదివి కొను.

ఇక్కడ చిరాకు పెట్టే సంగతొకటి ఉంది. హెచ్‌డీఎమ్‌ఐలో శబ్దం బొమ్మ డేటా మధ్య వచ్చే ఖాళీల్లో ప్రయాణిస్తుంది. బొమ్మ లేకపోతే శబ్దమూ లేదు. యాంప్లిఫయర్ గుండానే బొమ్మని మానిటర్‌కి పంపితే సమస్యే లేదు. కానీ పాత యాంప్లిఫయర్ 4కే బొమ్మనో, ఎక్కువ రిఫ్రెష్ రేటునో మోయలేకపోవచ్చు. అప్పుడు మానిటర్‌కి ఒక కేబుల్, యాంప్లిఫయర్‌కి మరొకటి విడిగా పెట్టాలి. కంప్యూటర్ యాంప్లిఫయర్ని రెండో మానిటర్ అనుకుంటుంది. డూప్లికేట్ (రెండింటిలో ఒకే బొమ్మ) అని పెడితే మంచి మానిటర్ కూడా యాంప్లిఫయర్ స్థాయికి దిగిపోవచ్చు. ఎక్స్‌టెండ్ (రెండూ కలిపి ఒకే పెద్ద స్క్రీన్) పెడితే మౌస్ బాణం కనబడని స్క్రీన్‌లోకి జారిపోతుంది. నా మాట విని ఎక్స్‌టెండే పెట్టు, కానీ డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆ రెండో పెట్టెని లాగి మొదటిదాని మూలకి మాత్రమే తగిలేలా ఉంచు. అంచు ఆనకపోతే బాణం అటు వెళ్లడం చాలా అరుదు. దాని రిజల్యూషన్ 720పీ చాలు. ఇంకా తగ్గించకు, బొమ్మ మరీ చిన్నదైతే ఎక్కువ రేటున్న ఎనిమిది ఛానళ్లకు ఆ ఖాళీల్లో చోటు చాలదు.

టీవీని మధ్యలో పెట్టి, కంప్యూటర్‌ని టీవీకి, టీవీని యాంప్లిఫయర్‌కి కలిపావనుకో, మళ్లీ రెండు ఛానళ్లే రావచ్చు. కేబుల్ తగిలించగానే కంప్యూటర్ అవతలివాడిని "నువ్వేం వాయించగలవు?" అని అడుగుతుంది. టీవీ తన రెండు స్పీకర్ల సంగతే చెప్తే కంప్యూటర్ అంతకు మించి పంపదు. పైగా టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్లోనే యాంప్లిఫయర్‌కి వెనక్కి పంపే మామూలు ఏఆర్‌సీలో పట్టేది దాదాపు ఆప్టికల్లో పట్టేదే. రెండు వైపులా దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ ఉంటేనే ఎనిమిది ఛానళ్ల పీసీఎమ్‌కి దారి ఉంటుంది. కాబట్టి ముందు యాంప్లిఫయర్, తర్వాత టీవీ అన్న వరసే మంచిది. ఆన్ చేసే వరస కూడా గుర్తుంచుకో. కంప్యూటర్ కన్నా ముందు యాంప్లిఫయర్ వెయ్యి, లేకపోతే ఆ ప్రశ్నకి జవాబిచ్చేవాడు ఉండడు.

ఇప్పుడు సెట్టింగు. విండోస్‌లో విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, ఎం ఎం ఎస్ వై ఎస్ డాట్ సి పి ఎల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాళీల్లేకుండా కొట్టు. పాత సౌండ్ పెట్టె తెరుచుకుంటుంది. ప్లేబ్యాక్‌లో నీ హెచ్‌డీఎమ్‌ఐ డివైస్‌ని ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కు. 5.1 ఎంచుకుని టెస్ట్ వెయ్యి. ఒక్కో స్పీకరూ వరసగా మోగాలి, బొమ్మలో వెలిగేదీ గదిలో మోగేదీ ఒకటే కావాలి. జాబితాలో స్టీరియో ఒక్కటే ఉంటే కంప్యూటర్‌కి అవతల ఆరు స్పీకర్లున్న సంగతి తెలియలేదు. మధ్యలో టీవీ ఉందేమో, యాంప్లిఫయర్ ఆలస్యంగా ఆన్ అయిందేమో చూడు. ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టు, సినిమాల శబ్దం ఎక్కువగా ఆ రేటులోనే ఉంటుంది. స్పేషియల్ సౌండ్ (చుట్టూ వినిపిస్తున్నట్టు భ్రమ కల్పించేది) ఆఫ్‌లో ఉంచు. లినక్స్‌లో వాల్యూమ్ కంట్రోల్‌లోని కాన్ఫిగరేషన్‌లో డిజిటల్ సరౌండ్ 5.1 ప్రొఫైల్, మ్యాక్‌లో ఆడియో మిడీ సెటప్‌లో కాన్ఫిగర్ స్పీకర్స్, పని అదే.

ఈ టెస్ట్‌లో ఆరూ సరిగ్గా వస్తే కేబుల్ వైపు ఇక వెళ్లకు. సినిమాలో రాకపోతే తప్పు ప్లేయర్‌దో ఫైల్‌దో. ఫైల్లో రెండు ట్రాకులుండి స్టీరియో ట్రాక్ నడుస్తోందేమో ముందు చూడు. బ్రౌజర్లో చూసే వీడియోలు చాలావరకు స్టీరియోగానే వస్తాయి, దానికి నీ సెట్టింగు కారణం కాదు. వీఎల్‌సీలో, కోడీలో పాస్‌త్రూ అనే ఆప్షన్ ఉంటుంది, మూట విప్పకుండా పంపడం అంటే అదే. ఆప్టికల్ వాడితే అది ఆన్‌లో ఉండి తీరాలి. హెచ్‌డీఎమ్‌ఐలో మామూలు 5.1కి అక్కర్లేదు, పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్, డీటీఎస్ ఎక్స్ వినాలంటేనే పెట్టు. పాస్‌త్రూలో ఉండగా కంప్యూటర్ వాల్యూమ్ పట్టీ పనిచేయదు. అది చెడిపోవడం కాదు, మూటలో ఉన్నదాన్ని పెంచడం తగ్గించడం కంప్యూటర్‌కి కుదరదు. పాస్‌త్రూ లేనప్పుడు కూడా కంప్యూటర్‌లో వంద దగ్గర ఉంచి, యాంప్లిఫయర్ దగ్గరే తగ్గించుకో.

హెచ్‌డీఎమ్‌ఐ లేని యాంప్లిఫయర్ అయితే, వెనకాల మల్టీ ఛానల్ ఇన్ అని ఆరు ఆర్‌సీఏ సాకెట్లు వరసగా ఉన్నాయేమో చూడు. ఉంటే ఆప్టికల్ కన్నా అదే నయం, గేములతో సహా అన్నీ ఆరు ఛానళ్లలో వస్తాయి. ఒకవైపు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్, రెండోవైపు రెండు ఆర్‌సీఏ పిన్నులున్న కేబుళ్లు మూడు కావాలి. కంప్యూటర్ వెనకున్న ఆకుపచ్చ జాక్ ముందు స్పీకర్లకి, నలుపు వెనకవాటికి, నారింజ సెంటర్‌కీ సబ్ ఊఫర్‌కీ. మూడే జాకులున్న బోర్డులో నీలం వెనకవాటికి, గులాబీ రంగు సెంటర్, సబ్‌లకి మారతాయి, డ్రైవర్లో 5.1 ఎంచుకున్నాకే. సెంటర్‌లో మాటలకు బదులు గుబగుబ వినిపిస్తే సెంటర్, సబ్ తారుమారయ్యాయి, ఆ రెండు ఆర్‌సీఏ పిన్నులూ అటుదిటు మార్చు. ఫోనో అని రాసిన సాకెట్లో మాత్రం ఏదీ పెట్టకు, అది రికార్డ్ ప్లేయర్ సూది ఇచ్చే అతి చిన్న సిగ్నల్‌ని పెంచేందుకు ఉన్నది, శబ్దం చీలిపోతుంది.

ఈ అనలాగ్ దారిలో యాంప్లిఫయర్ సాధారణంగా బేస్‌ని వేరుచేయదు, స్పీకర్ల దూరాన్నీ లెక్కపెట్టదు, వచ్చింది వచ్చినట్టు వాయిస్తుంది. చిన్న స్పీకర్లకు బేస్ వెళ్లకుండా కంప్యూటర్ డ్రైవర్లోనే క్రాసోవర్ (ఎన్ని హెర్ట్జ్ కింద శబ్దం సబ్‌కి వెళ్లాలో చెప్పే హద్దు) పెట్టాలి, మొదట 80 హెర్ట్జ్ పెట్టి విను. సబ్ శబ్దం మరీ తక్కువగా అనిపిస్తే యాంప్లిఫయర్లో మల్టీ ఛానల్ సబ్‌ని 10 డెసిబెల్స్ పెంచే సెట్టింగు వెతుకు. ఎల్‌ఎఫ్‌ఈ ఛానల్‌ని (సబ్ కోసమే ఉన్న ఆరో ఛానల్‌ని) అంత తగ్గించి రికార్డు చేస్తారు, వాయించేటప్పుడు తిరిగి పెంచాలి. కరెంటు హమ్ వస్తే కంప్యూటర్‌నీ యాంప్లిఫయర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడు. ఎర్త్ పిన్ తీసేసే పని ఎప్పుడూ చేయకు, అది ప్రాణం మీదికి వస్తుంది.

పెదవులు ముందు కదిలి మాట తర్వాత వస్తే యాంప్లిఫయర్‌లో ఏ సెట్టింగూ పనికిరాదు, ఎందుకంటే అక్కడి లిప్ సింక్ శబ్దాన్ని ఆలస్యం చేయగలదు గానీ తొందరపెట్టలేదు. దాన్ని ప్లేయర్లోనే సరిచేయాలి. మాట ముందు వస్తేనే యాంప్లిఫయర్లో 20 మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ చూడు.

నీ యాంప్లిఫయర్ వెనకవైపు అన్ని సాకెట్లూ కనిపించేలా ఒక ఫొటో, సినిమా నడుస్తుండగా డిస్‌ప్లే ఫొటో ఒకటి పంపు. మిగతాది అవి చూసి రాస్తాను.

మీ మామయ్య