కంపెనీ మారితే పీఎఫ్ పెన్షన్ సర్వీసు పోతుందా?

పోదు, వేర్వేరు కంపెనీల్లో చేసిన సర్వీసు కలిపి 10 ఏళ్లయితే, ప్రైవేటు ఉద్యోగికీ 58 ఏళ్ల నుంచి నెలనెలా పెన్షన్ వస్తుంది. జీతంపై యజమాని పీఎఫ్‌కు కట్టే 12 శాతంలోంచి, జీతంలో 8.33 శాతమంత భాగం, 15,000 జీతం పరిమితికి లోబడి, ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) నిధికి వెళ్తుంది. ఆ సర్వీసు కంపెనీది కాదు, ఉద్యోగిది. అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి పీణ్య ఫ్యాక్టరీలో 4 ఏళ్లు, వైట్‌ఫీల్డ్ ఆఫీసులో 7 ఏళ్లు చేశారనుకోండి. పెన్షన్ జీతం × సర్వీసు ఏళ్లు ÷ 70 అన్నది సూత్రం. పెన్షన్ జీతం 15,000 అయితే: 15,000 × 11 ÷ 70, అంటే నెలకు సుమారు 2,357 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ జీవితాంతం వస్తుంది.

‘పదేళ్లూ ఒకే కంపెనీలో ఉండాలి’ అన్నది చాలామంది అపోహ. అందుకే ఉద్యోగం మారగానే ఫారం 10సి పెట్టి పెన్షన్ సొమ్ము తీసేసుకుంటారు. ఆ సర్వీసు లెక్కలోంచి పోతుంది. దయచేసి అలా చేయకండి, పాత ఖాతాను బదిలీ చేయించుకోండి. 2014 సెప్టెంబరు 1 నుంచి, 15,000 దాటిన పీఎఫ్ జీతంతో తొలిసారి చేరినవారికి మాత్రం ఈ పెన్షన్ వర్తించదు.